ఎండాకాలంలో మొండికేసిన హైడ్రోజన్

"ఇంతకీ నువ్వు చేసే చదువేంటమ్మా?" అని ఇంటావిడ రాజేశ్వరమ్మ అడిగింది. మయూర్ విహార్‌లో ఆవిడ ఇంట్లో ఒక గదిలో అద్దెకుంటున్న భావన తేలిగ్గా చెప్పబోయింది.

"కార్బన్‌ని అంటిపెట్టుకుని హైడ్రోజన్ ఉంటుందాంటీ. నీలం లైటు వేసి దాన్ని ఊడదీస్తాం. ఖాళీ అయిన చోట నికెల్ సాయంతో మాకు కావలసింది తగిలిస్తాం. కొత్త మందుల తయారీకి పనికొస్తుంది."

"లైటు వేస్తే ఖాళీ చేస్తుందా! మా పై పోర్షన్‌వాళ్లు నోటీసిచ్చినా కదలట్లేదు" అంది రాజేశ్వరమ్మ.

భావనకి నవ్వు రాలేదు. నరసరావుపేట నుంచి పీహెచ్‌డీకి ఢిల్లీ వచ్చిన ఆ పిల్ల హైడ్రోజన్లు కూడా కదలడం లేదు మరి. చలికాలమంతా బుద్ధిగా జరిగిన చర్య, ఎండలు ముదరగానే మొండికేసింది. పొద్దున సీసాలో ఏం పోస్తే సాయంత్రం చాలావరకు అదే చేతికొస్తోంది.

సీసాని రేకు డబ్బాలో పెట్టి, లోపల చుట్టూ దీపావళికి బాల్కనీలకు కట్టే రంగుల లైట్ల పట్టీ అంటించి, దాని రిమోటుతో నీలం రంగు పెట్టి మూత వేసేది. ఇక తప్పంతా ఎండదేనని తేల్చుకుంది. వేడికి ఉత్ప్రేరకం నీరసిస్తోందని గ్రాఫులు గీసి గైడు చెన్నకేశవులు గారికి చూపించింది. ఆయనది కడప. "భలే పట్టినావమ్మా!" అని మురిసిపోయారు. ఆ రోజు నుంచి ల్యాబులో ఏసీ జోరు పెంచారు. చర్య పూర్తిగా ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం భావన మూత తీసి సీసా సర్దుతోంది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన జూనియర్ పృథ్వీరాజ్ చెమటలు కక్కుతూ వచ్చి ఏసీ రిమోటు అందుకున్నాడు.

"దీదీ, ఏసీ థోడా తేజ్ కర్ దూఁ?"

ఏసీ ఇంకొంచెం పెంచనా అని అడుగుతూనే బటన్ నొక్కాడు. డబ్బాలో నీలం కాస్తా ఎరుపైంది.

"మళ్లీ నొక్కు!"

ఆకుపచ్చ. మూడోసారికి రంగులన్నీ పెళ్లి బరాత్‌లో లాగా చిందులేశాయి.

లైట్ల రిమోటు మాట వినాల్సిన చిన్న కన్ను డబ్బా బయట వేలాడుతూ, ఏసీ రిమోటు మాట కూడా వింటోంది. నీలం తప్ప ఇంకే రంగూ ఆ ఉత్ప్రేరకానికి పట్టదు. ఎండలొచ్చి ఏసీ వేసుకోవడం మొదలయ్యాక మూత కింద ఏ రంగు వెలిగిందో ఎవరు చూశారు?

భావన నేరుగా గైడు గదిలోకి వెళ్లింది. "సార్, వేడి కాదండీ. ఏసీ రిమోటు."

అంతా విని ఆయన కళ్లజోడు తీశారు. "వేడి సంగతి పోయిన వారం చండీగఢ్ సదస్సులో చెప్పేసినానే!"

"వాళ్లేమన్నారు సార్?"

"చప్పట్లు కూడా కొట్టినారమ్మా."

అంటూనే ఆయన భుజాలు కదిలాయి. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

నీలం తప్ప వేరే రంగు ఎరగని దీపం కొన్నారు. ఎండాకాలమంతా చర్య చక్కగా సాగింది. తర్వాతి సదస్సులో చెన్నకేశవులు గారే భావనని పక్కన నిలబెట్టుకుని జరిగిందంతా చెప్పారు. ఆయన ముగించకముందే, వెనక వరసలో ఇద్దరు ఫోన్లు చెవికి ఆనించుకుని, "ఆ మూత తీసి ఏ రంగుందో చూడండి" అంటూ గబగబా బయటికి నడిచారు.