తోమక్కర్లేని గిన్నెలు

కేకు చేయడం కష్టమని అనేవాళ్ళు, కేకు చేసిన తర్వాత వంటిల్లు చూసి ఉండరు. నేను మొదటిసారి క్రీమ్ గిలక్కొట్టిన రోజున బీటర్‌ను ఒకేసారి ఫుల్ స్పీడ్‌లో పెట్టాను. పంచదార పొడి గుప్పుమని లేచి నా మొహం నిండా పడింది. కళ్ళు మండి, ఆపడం మరిచిపోయి, తిరుగుతున్న బీటర్‌ను అలాగే పైకెత్తాను. క్రీమ్ గోడకు, క్యాలెండరుకు, అత్తగారి ఆవకాయ జాడీకి సమానంగా పంచాను. అలికిడికి ఆవిడ గుమ్మంలోకి వచ్చారు.

"ఓలమ్మో! ఇదేటే, ఇంటికి సున్నం ఏసినావా?"

సాయంత్రానికి చీమలు కూడా వచ్చాయి. మర్నాడు ఆవిడ తీర్పు చెప్పేశారు. "కేకులు సేసుకో, నానొద్దన్ను. నా వంటిల్లు మాత్రం నానెలా ఒగ్గేసి ఎల్తే అలాగే ఉండాల. నీ జిడ్డు గిన్నెలు నాను ముట్టుకోను. సీమ కనబడిందా, నీ బీటరు మిసను దొడ్లో ఉంటాది."

నాకు పంతం ఎక్కువ. ఆవిడ నోరు మూయించాలనే పట్టుదలతోనే సగం పని నేర్చుకున్నాను. బీటర్ గిన్నె మీద తడి తువ్వాలు కప్పి, మొదట నెమ్మదిగా తిప్పాలి. కేకు మీద పువ్వులు వేసే పైపింగ్ బ్యాగ్‌ను పొడుగు స్టీలు గ్లాసులో నిలబెట్టి, అంచులు బయటికి మడిచి నింపాలి. ఇంకా తెలివైనవాళ్ళు క్రీమ్‌ను పల్చటి ప్లాస్టిక్ కాగితంలో పొట్లం చుట్టి, ఆ పొట్లాన్ని బ్యాగ్‌లోకి దూరుస్తారు. అప్పుడు బ్యాగ్‌కు మరకే అంటదు. ఆ తెలివైనవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

అన్నిటికంటే నాకు గర్వంగా ఉండేది మాత్రం గిన్నెల సంగతి. మా నర్సీపట్నం ఎండకు క్రీమ్ నిలవదు కాబట్టి తెల్లారకముందే ఆ రోజు ఆర్డరు కేకు ముస్తాబు చేసి ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. గిన్నెలు దొడ్లో కుళాయి దగ్గర పడేసి స్నానానికి వెళ్ళేదాన్ని. అత్తగారు ఆ వేళకు పాలకేంద్రంలో ఉండేవారు. నేను తిరిగొచ్చేసరికి గిన్నెలు దాదాపు శుభ్రంగా ఉండేవి. నీళ్ళు చూపిస్తే చాలు, జిడ్డు లేదు, గొడవ లేదు. గరిటెతో గిన్నెను బాగా గీస్తాను కదా, అందుకేనని అనుకున్నాను. క్రిస్మస్ ముందు చర్చి ఆడవాళ్ళు నలుగురు నేర్చుకోవడానికి వస్తే, వాళ్ళకు ఇదే పాఠం చెప్పాను. "గీయడంలో ఉందండీ అంతా. మణికట్టు తిరగాలి," అన్నాను. పాపం, వాళ్ళు ఇంటికి వెళ్ళి ఎంత గీసినా జిడ్డు అలాగే ఉంటోందని ఫోన్లు చేశారు. మీ మణికట్టు సరిగ్గా తిరగడం లేదని చెప్పాను.

ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న అసలు బెంగ మామగారి కళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాలు. కోటవురట్ల వైపు చెరకు పండించినంత కాలం గనుపు చూసి ముక్క ఏ రకమో చెప్పిన మనిషి, ఇప్పుడు పేపరు కూడా నా చేత చదివించుకునేవారు. నేను తొందరలో రెండు లైన్లు ఎగ్గొడితే, "కిందేదో ఉంటాది సూడమ్మా," అనేవారు. నాకు చిరాకేసేది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు గానీ, షుగర్ రెండొందల లోపుకు దిగితేనే చేస్తామన్నారు. దిగలేదు. రెండుసార్లు తేదీ ఇచ్చి రెండుసార్లు వెనక్కి పంపారు. రెండోసారి తిరిగొచ్చాక ఆయన మంచం మీద కూర్చుని, "ఇంక నాకు ఇంతేనేటమ్మా?" అని అడిగారు.

అత్తగారు అన్నం తీసేశారు. పొద్దున చోడి అంబలి, రాత్రి చోడి రొట్టె, అంటే రెండు పూటలా రాగిపిండే. టీలో పంచదార మానిపించారు, అరటిపండు దాచేశారు. ఆయన అన్నిటికీ సరేనన్నారు. అంబలి తాగి మూతి తుడుచుకునేవారు. అంత బుద్ధిమంతుణ్ణి చూసి నాకప్పుడే అనుమానం రావాల్సింది.

మూడోసారి పరీక్షకు వెళ్ళాల్సిన రోజున నాకో కేకు ఆర్డరు పడింది. నాతవరం ఊరివాళ్ళ బాబుకు మొదటి పుట్టినరోజు, నెమలి రంగు కావాలన్నారు. నీలం రంగులో ఒక చుక్క ఆకుపచ్చ వేసి, నాలుగుసార్లు కలిపి, ఆ రంగు నేనే పట్టుకున్నాను. కేకు ఫ్రిజ్‌లో పెట్టి, గిన్నె దొడ్లో పెట్టి, స్నానం చేసి, మామగారిని ఆటో ఎక్కించాను. దారంతా ఆయన నోరు విప్పలేదు. భయపడుతున్నారనుకుని జాలిపడ్డాను.

"పరగడుపునే వచ్చారా?" అని అడిగి నర్సు రక్తం తీసింది. ఆయన తలూపారు. తర్వాత డాక్టరుగారు బీపీ చూసి, "నాలుక చాపండి," అన్నారు.

మామగారు చాపారు. డాక్టరుగారు కుర్చీలోంచి లేచిపోయారు.

నాలుక నీలంగా ఉంది. ఆ మూల నుంచి ఈ మూల దాకా నీలం. "ఊపిరి ఆడుతోందా? గుండెల్లో నొప్పి ఉందా?" అంటూ మామగారి వేలికి క్లిప్పు పెట్టారు, నర్సు ఆక్సిజన్ కోసం పరుగెత్తింది. పాపం మామగారు నాలుక లోపలికి తీసుకోవచ్చో లేదో తెలియక అలాగే చాపుకుని కూర్చున్నారు. నేను వంగి చూశాను. నీలంలో ఒక చుక్క ఆకుపచ్చ.

"కంగారు పడకండి డాక్టరుగారూ. అది నా కేకు," అన్నాను.

పాపం, అద్దంలో చూసుకున్నా ఆయనకు మసకే కనబడుతుంది. మొహం కడుక్కుని, మీసం తుడుచుకుని, అంతా అయిపోయిందనుకుని వచ్చేశారు.

రిపోర్టు వచ్చింది, మూడొందల పది. మూడోసారి కూడా ఆపరేషన్ తప్పిపోయింది. ఆటోలో అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచి మావయ్యా?"

"రోజూ కాదమ్మా. కేకులున్న రోజే."

"కేకులు రోజూ ఉంటాయి కదండీ!"

"అంత జిడ్డు నువ్వొక్కద్దానివీ ఏటి తోముతావని," అన్నారు.

కోపం ముంచుకొచ్చింది. ఆటోవాడు వెనక్కి తిరిగి చూసేలా అరిచాను. అరుస్తూనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి కళ్ళకు అడ్డం పడింది నా గిన్నెలా? పైగా ఊరందరికీ నా మణికట్టు గురించి పాఠాలు చెప్పానాయె. ఇంటికెళ్ళాక అత్తగారు అంతా విని, "ఇంటి దొంగని ఈస్వరుడు పట్టలేడంటారు. నీ నీలం రంగు పట్టీసినాది," అని అంబలి గిన్నె ఆయన ముందు ఠంగున పెట్టారు.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. గిన్నెను పాత పేపరుతో తుడిచి, ఆ పేపరు చెత్తలో వేసి, అప్పటికప్పుడు వేడినీళ్ళు, సబ్బుపొడి పోసి నానబెట్టేదాన్ని. గిన్నె తోమితే గానీ స్నానం లేదు. జిడ్డంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మణికట్టు నిజంగానే తిరిగింది, నొప్పితో. ముట్టుకోనన్న అత్తగారు పాలకేంద్రం మానుకుని, పీట వేసుకుని నా పక్కనే కూర్చుని పైపింగ్ బ్యాగ్ కొసకు తొడిగే నాజిళ్ళు కడిగారు. మామగారు దూరం నుంచి వాసన చూసేవారు. రెండు నెలలకు షుగర్ దిగింది. కుడి కంటికి ఆపరేషన్ అయింది.

నల్ల కళ్ళద్దాలు తీసేసిన మొదటి రోజు పొద్దున ఆయన వంటింట్లోకి వచ్చి, నన్ను ఎగాదిగా చూశారు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన చూపు మసక. నా మొహం సరిగ్గా చూడటం అదే మొదలు.

"ఏటమ్మా, అప్పుడే జుత్తు నెరిసిపోనాది?"

చెవి పక్కన తడుముకునేలోగా ఆయనే చెయ్యి చాపి, ఆ తెల్లటిదాన్ని వేలితో తీశారు. క్రీమ్. వేలిని కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని కాసేపు చూశారు. నాజిల్ కడుగుతున్న అత్తగారు మెడ సాచి చూశారు.

ఆయన ఆ వేలిని భుజం మీది తువ్వాలుకు శుభ్రంగా తుడుచుకుని, పేపరు పట్టుకుని అరుగు మీదికి వెళ్ళిపోయారు.

ఆ తువ్వాలు నేనే ఉతికాను. జిడ్డు వదలడానికి రెండుసార్లు నానబెట్టాల్సి వచ్చింది. మనసులో కూడా విసుక్కోలేదు.