పండగ గుంతలో కంద మూట

ఆ వేసవిలో మేం ఇండియా వెళ్లలేదు. మా ఆయన కంపెనీలో షట్‌డౌన్ పనులు పడి లీవు దొరకలేదు. దాంతో అమ్మే కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చింది. మస్కట్ ఎయిర్‌పోర్టు తలుపు దాటగానే వేడిగాలి మొహాన కొడితే ఒక్క క్షణం ఆగి, "ఎవరో పొయ్యి కట్టేయడం మర్చిపోయారే" అంది.

మేం ఉండేది సహం అనే ఊళ్లో, ఖర్జూరం తోటల పక్కన. పక్కింటివాళ్లు ఒమానీలు. ఆ ఇంటి పెద్దావిడది ఇంచుమించు అమ్మ వయసే. ఆవిడ కొడుక్కి హిందీ బాగా వచ్చు కాబట్టి రెండిళ్ల మధ్య రాయబారమంతా అతనిదే. అమ్మకి తెలుగు తప్ప మరోటి రాదు. అమ్మ మాట నేను హిందీలో చెబితే, అతను దాన్ని అరబ్బీలోకి మార్చేవాడు.

అమ్మ దిగిన మర్నాడే పెద్దావిడ ఒక పళ్లెం పంపింది. అందులో హల్వా, సగం పండిన ఖర్జూరాలు. కాయ ఒక కొస పచ్చగా కరకరలాడుతుంటే, రెండో కొస తేనెలా కరిగిపోతోంది. "ఖాళీ పళ్లెం తిరిగిస్తే ఏం బాగుంటుంది?" అని అమ్మ సాయంత్రానికల్లా పులిహోర కలిపి పంపింది. పొద్దున్నే ఆ పళ్లెం పల్చటి రొట్టెలతో, తేనెతో తిరిగొచ్చింది. అమ్మ గారెలు వేసింది. అటునుంచి చేపల అన్నం వచ్చింది. అమ్మ నీసు మానేసి చాలా ఏళ్లయింది. ఆ పూట మా ఆయనకి పండగ.

చేపల అన్నం ఎలా ఉందో కనుక్కోవడానికి వచ్చిన కొడుకుతో, అమ్మ నీసు తినదని చెప్పాను.

"మాంసం తినరా?"

"తినదు."

"చికెన్?"

"అదీ తినదు."

"పోనీ, ఎండు చేప?"

అతను అమ్మవైపు జాలిగా చూశాడు. అమ్మ నాతో, "నేను ఆరోగ్యంగానే ఉన్నానని చెప్పవే. పాపం, ఆ అబ్బాయి బెంగపెట్టుకునేలా ఉన్నాడు" అంది.

అప్పట్నుంచి పెద్దావిడ తోటలో కాసిన మామిడికాయలు పంపడం మొదలుపెట్టింది. అమ్మ వాటితో ఆవకాయ పెట్టి జాడీడు పంపింది. ఆవిడ దాన్ని రొట్టెలో చుట్టుకుని తిని, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ తిందట.

బక్రీదు ముందు ఊళ్లో సంత జరుగుతుంది. దాన్ని ఇక్కడ హబ్తా అంటారు. గొర్రెల్నీ మేకల్నీ గుండ్రంగా నడిపిస్తూ వేలం పాడుతుంటారు, జనం చుట్టూ నిలబడి చూస్తారు. పక్కింటివాళ్లు మమ్మల్నీ తీసుకెళ్లారు. కాసేపు గమనించాక అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "ఆ తెల్లదాన్ని కొనొద్దని చెప్పు. అదంతా ఉత్త బొచ్చే. నల్లదాని నడక చూడు." నేను చెప్పాను. అతను నల్లమేక వెన్ను తడిమి చూసి, అదే కొన్నాడు. "మాంసం తినని మనిషికి ఇదెలా తెలుసు?" అని అడిగాడు. అమ్మ చెప్పిన జవాబు ఇది: "మానేసింది తినడమే గానీ చూడ్డం కాదు కదా."

పండగకి వాళ్లు షువా చేస్తారు. మాంసానికి మసాలా బాగా పట్టించి, అరిటాకుల్లో చుట్టి, తాటాకు సంచుల్లాంటి ఖర్జూరపాకు సంచుల్లో కట్టి, నిప్పులు నింపిన గుంతలోకి దింపుతారు. పైన రేకు మూత వేసి మట్టితో పూడ్చేసి మర్నాడు తీస్తారు. వీధి మొత్తానికి ఒకటే గుంత. ఈ సంగతి వినగానే అమ్మ, "మనమూ ఒక మూట వేద్దాం. కంద, వంకాయ" అంది.

"అన్నీ మాంసం మూటలే ఉంటాయమ్మా అందులో."

"ఉంటే ఏం? ఎవరి మూట వాళ్లది. రైల్లో పక్కవాళ్లు చికెన్ బిర్యానీ తింటుంటే మనం దిగిపోతున్నామా?"

మా ఆయన మస్కట్ వెళ్లినప్పుడు రూవిలోని ఇండియన్ షాపు నుంచి పెద్ద కంద దుంప మోసుకొచ్చారు. అమ్మ ముక్కలు కోసి చింతపండు నీళ్లలో కడిగి, అల్లం, పచ్చిమిర్చి, ఆవపిండి పట్టించింది. సంచి పెద్దావిడ ఇచ్చింది. అందరూ తమ సంచులకి ఇనప తీగలు చుట్టి, ఎవరి గుర్తుగా వాళ్లు మెలితిప్పారు. అమ్మ మాత్రం పాత చీర అంచు చించి ముడేసింది. నిప్పుల్లో చీరంచు మిగలదన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం గుంత తవ్వితే చివరికి గుర్తుల్లేని మూటలు రెండు మిగిలాయట. ఒకటి మాది, రెండోది తీగ ఊడిపోయిన వీధి చివరి ఇంటివాళ్లది. పక్కింటి అబ్బాయి రెండూ ఎత్తి చూసి, కూరగాయలు తేలిగ్గా ఉంటాయి కదా అని తేలికపాటిది మాకు తెచ్చిచ్చాడు. కంద బరువు అతనికేం తెలుసు?

అమ్మ విస్తళ్లు పరిచి పప్పుచారు, నెయ్యి సిద్ధం చేసింది. మా ఆయన సంచి కోశారు. లవంగాలు, ఏలకులు, వెల్లుల్లి కలిసిన వాసన ఇల్లంతా పరుచుకుంది. "పక్క మూటల ఘాటు పట్టినట్టుంది" అంది అమ్మ. ఆకులు విప్పగానే మేక కాలు బయటపడింది.

అమ్మ వంగి దాన్ని పరీక్షగా చూసింది.

"అల్లుడుగారూ, కందకి ఎముకుంటుందా అండీ?"

"ఒమాన్ కంద కదండీ అత్తయ్యగారూ" అంటూనే ఆయన ఒక ముక్క పీకి నోట్లో వేసుకున్నారు. మా అమ్మాయి కూడా చెయ్యి చాపింది. అమ్మ తన విస్తరి తీసుకుని బల్ల అవతలి కొసకి జరిగి, శాంతంగా పప్పుచారు పోసుకుంది.

అంతలో బెల్ మోగింది. పక్కింటి అబ్బాయి, తలపాగా ఒక పక్కకి జారిపోయి ఉంది.

"బహెన్, మీ మూటలో ఏముంది?"

"మేక కాలు."

"ఎంత ఉంది?"

వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన నమలడం ఆపేశారు. "చాలావరకు ఉంది" అన్నాను.

సంగతేమిటంటే, వీధి చివరి ఇంటికి అల్ అమెరాత్ నుంచి కొత్త వియ్యాలవారు మొదటిసారి పండక్కి వచ్చారు. వాళ్ల ముందే పెద్ద పళ్లెంలో అన్నం గుమ్మరించి, దానిమీద మూట విప్పారు. కంద ముక్కలు, వంకాయలు. ఇంటాయన వెంటనే ఇతన్ని మా ఇంటికి పరిగెత్తించాడట.

మిగిలిన కాలిని పళ్లెంలో సర్ది, మూతపెట్టి బయల్దేరాం. "నా కంద సంగతేంటో చూడాలి" అని అమ్మ కూడా వచ్చింది. మగవాళ్లు కూర్చున్న గది గుమ్మం దగ్గర ఆగాం. లోపల ఇంటాయన తల దించుకుని ఉన్నాడు. వియ్యంకుడు, తెల్లగడ్డం పెద్దాయన, కంద ముక్కని అన్నంతో కలిపి తీరిగ్గా తింటున్నాడు. మమ్మల్ని చూసి ఏదో అడిగాడు.

పక్కింటి అబ్బాయి హిందీలో చెప్పాడు: "ఇది ఏ జంతువని అడుగుతున్నారు. ఎముకే లేదు, ఇంత మెత్తగా ఉంది అంటున్నారు."

అమ్మకి చెప్పాను. "భూమిలో ఉంటుందని చెప్పు" అంది.

నేను హిందీలో చెప్పాను, అతను అరబ్బీలో చెప్పాడు. పెద్దాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా ఒక్క మాట అడిగాడు. పక్కింటి అబ్బాయి ఇబ్బందిగా నాకేసి చూసి, "ఉడుమా అంటున్నారు" అన్నాడు.

అమ్మ మా అమ్మాయిని ఇంటికి పరిగెత్తించి, మిగిలిన పచ్చి కంద చెక్క తెప్పించింది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, గోటితో గీకి చూశాడు. తర్వాత పొట్ట అదిరేలా నవ్వాడు. అప్పుడు ఇంటాయన ఊపిరి పీల్చుకున్నాడు. మేక కాలు వచ్చి పళ్లెంలో చేరినా పెద్దాయన మాత్రం కంద వదల్లేదు. డాక్టరు మాంసం తగ్గించమన్నాడనీ, పండగపూట అది చెప్పడానికి మొహమాటపడ్డాడనీ తర్వాత తెలిసింది.

అమ్మని ఆడవాళ్ల గదిలో కూర్చోబెట్టి ఖహ్వా, అంటే వాళ్ల ఏలకుల కాఫీ, పోశారు. చాలనుకుంటే కప్పు కొద్దిగా ఊపాలి. ఆ సంగతి తెలియక అమ్మ ప్రతిసారీ కప్పు బుద్ధిగా చాపింది, వాళ్లూ బుద్ధిగా పోశారు. ఇంటికి తెచ్చుకోవడానికి మాకు వంకాయలు రెండే మిగిలాయి. "పోనీలే, తిన్నవాళ్లకి నచ్చింది" అని అమ్మ వాటితోనే పెరుగన్నం తింది.

వేసవి అయ్యాక అమ్మ వెళ్లిపోయింది. మరుసటి ఏడాది బక్రీదుకి వీధి చివరి ఇంటివాళ్లు వాళ్లంతట వాళ్లే కంద కొని, మేక మసాలా పట్టించి గుంతలో వేశారు. పండగ మర్నాడు ఆ ఇల్లంతా గొంతులు పట్టుకుని మజ్జిగ తాగుతున్నారని పక్కింటి అబ్బాయి చెప్పాడు. నేను వెంటనే అమ్మకి వీడియో కాల్ చేశాను.

"చింతపండు నీళ్లలో కడగమని చెప్పలేదటే?" అంది.

"వాళ్లు నన్నడగలేదమ్మా."

ఆ ఇంట్లో తనూ కంద రుచి చూసొచ్చిన పక్కింటి పెద్దావిడ చేతికి ఫోనిచ్చాను. తెరమీద అమ్మ చింతపండు ముద్ద పట్టుకుని తెలుగులో పిసికి చూపిస్తోంది. ఆవిడ గొంతు తడుముకుంటూ అరబ్బీలో జవాబు చెబుతోంది. నేనూ ఆవిడ కొడుకూ కాసేపు మధ్యలో తర్జుమా చేయబోయాం గానీ, ఇద్దరూ మా మాట వినిపించుకోలేదు.