యానిమల్ హౌస్‌లో నాన్న గొంతు

దెయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. ఎలుకను చూసి కెవ్వుమనేవాళ్లకే దెయ్యాలు కనిపిస్తాయని వేళాకోళం చేసేదాన్ని. నేనేమో పొద్దస్తమానం ఎలుకల మధ్యే ఉండేదాన్ని మరి.

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక కాలేజీలో రీసెర్చ్ చేశాను. పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే సిరలో ఒత్తిడి పెరిగితే దాన్ని పోర్టల్ హైపర్‌టెన్షన్ అంటారు. మా ఎలుకలకు ఆ సిరను కొంచెం బిగించి, జబ్బు తెప్పించి, వారాల తరబడి మందు పట్టేవాళ్లం. మందు నడిచినంతకాలం ఒత్తిడి అదుపులో ఉండేది. ఉన్నట్టుండి ఆపితే మళ్లీ ఎగదన్నేది.

ఆ పని ఎంచుకోవడానికి కారణం మా నాన్న. నరసాపురంలో పౌరోహిత్యం చేసేవారు. ఆయనకూ అదే జబ్బు. ఒకసారి ఎవరింట్లోనో వ్రతం చేయిస్తుంటే, ఆ ఒత్తిడికి లోపల రక్తనాళం చిట్లి, పీట మీదే రక్తం కక్కుకున్నారు. అప్పటినుంచీ రోజూ అదే మందు, మాత్రల్లో. మళ్లీ రక్తం పడితే బతకడం కష్టమని డాక్టర్లు ముందే చెప్పారు.

ఒక మధ్యాహ్నం, మా ఎలుకల బోనులుండే యానిమల్ హౌస్‌లో ఒక్కదాన్నే ఎలుకలకు మందు పడుతున్నాను. వెనకనుంచి నాన్న గొంతు వినబడింది.

"మందు మానేశానే అమ్మలూ."

భయపెట్టే గొంతు కాదు. ఏదో గట్టెక్కినట్టు సంతోషంగా ఉంది. తిరిగి చూస్తే తలుపు లోపలినుంచి గడియ వేసే ఉంది. రేడియో లేదు, కిటికీ అవతల మనిషి లేడు. చేతిలో ఎలుక నింపాదిగానే ఉంది. దాన్ని బోనులో పెట్టేసి మందు సీసా మూత బిగించాను.

నిద్ర చాలక అనుకున్నాను. మనసు ఊరుకోలేదు. మా ఇంట్లో ఫోన్ లేదు. నా రీసెర్చ్ గైడుగారికి చెప్పి బస్సెక్కేశాను. చదువుకున్నదాన్ని, ఇదేం పిచ్చని దారిపొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను.

నాన్న అరుగు మీద తమలపాకులు తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను చెప్పులు విప్పకముందే మొహమంతా నవ్వుతో అన్నారు.

"మందు మానేశానే అమ్మలూ. కొత్త డాక్టరుగారు మానెయ్యమన్నారు. ఇంక బాగైపోయినట్టే."

ఆరా తీస్తే సంగతి తేలింది. ఆ కొత్త డాక్టరు, కాలేయం జబ్బంటే తాగుడే అనుకుని, మందు పూర్తిగా మానెయ్యాలని గట్టిగా చెప్పాడట. తాంబూలం తప్ప ఏ అలవాటూ లేని మా నాన్నకు డాక్టరు నోట మందంటే మాత్రే. బుద్ధిగా మానేశారు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అప్పటికప్పుడు పాత డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మళ్లీ మాత్ర మొదలుపెట్టించి, ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మనిషి దక్కేవారు కాదన్నారు.

ఆ మధ్యాహ్నం నన్నేమైనా తలుచుకున్నారా అని నాన్నను అడిగాను. భోంచేసి పడుకున్నానన్నారు, అంతే. గైడుగారు విని అలసట అన్నారు. అలసటకు అన్ని మాటల్లో ఆ మాటే ఎలా దొరికిందో ఆయనా చెప్పలేకపోయారు, నాకూ ఈనాటికీ తెలియదు.

నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. నా పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగారు. నా కూతురి అక్షరాభ్యాసం తానే చేయించారు. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బియ్యంలో వేలు పట్టి రాయిస్తుంటే, నేను ఎదురుగా నిలబడి చేతులు జోడించాను.

"ఎవరికే ఆ దణ్ణం?" అన్నారు నాన్న, తలెత్తి.

"తెలీదు నాన్నా" అన్నాను.