ముగ్గు గళ్ళలో మామా అల్లుడు

పుంగనూరులో కుమారి మేడమ్ ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్ మేడమ్ అంటే మాత్రం బస్టాండులో పూలమ్మే ఆవిడ కూడా వేలెత్తి సందు చూపిస్తుంది. అంతటితో వదలదు. "ఆడికేనా పోయేది? అట్లనే ఈ సెల్లు ఇచ్చిపోప్పా, చార్జింగు ఎక్కల్యా, ఆయమ్మ సూస్తాది" అని చేతిలో పెడుతుంది.

డిగ్రీ కాలేజీలో పన్నెండేళ్ళుగా కంప్యూటర్ సైన్సు చెబుతున్న మనిషి ఇంటికి ఇంతవరకూ పద్నాలుగు సెల్‌ఫోన్లు, రెండు మిక్సీలు, ఒక టీవీ రిమోటు రిపేరుకు వచ్చాయి. ఆమెకు ఒక్కటి కూడా బాగుచేయడం రాదు. రాదని చెబితే నమ్మేవాళ్ళూ లేరు. ఒళ్ళు వంగక అట్లా చెబుతోందని అనుకుంటారు.

కుమారిది సదుం దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. డిగ్రీ మదనపల్లెలో చదివింది. అప్పట్లో ఆరుగురికి ఒక కంప్యూటరు. తన వంతు వచ్చేసరికి గంట కొట్టేవాళ్ళు. చేసేది లేక ప్రోగ్రామును నోటుబుక్కులో రాసుకుని, బస్సులో కూర్చుని, తనే కంప్యూటరై ఒక్కో లైనునూ వేలితో నడిపించేది. పెదవులు కదులుతుండేవి, వేలు ముందుకీ వెనక్కీ పోతుండేది. పక్క సీటు ముసలమ్మ ఒకసారి భయపడిపోయి, "పాపకేదో గాలి సోకినట్టుండాది" అని తన సంచిలోని నిమ్మకాయ తీసి ఆమె తల చుట్టూ తిప్పింది. కుమారి అభ్యంతరం చెప్పలేదు. ప్రోగ్రాములో తప్పు కూడా అప్పుడే దొరికింది.

అలా నడిపీ నడిపీ ఆమెకు ఒకటి అర్థమైంది. ఈ చదువు కంప్యూటరు పెట్టె గురించి కాదు. ఒక పనిని ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా తప్పు రాకుండా ఎలా చెప్పాలి అన్నదే దీని గొడవంతా.

ఈ ముక్క కాలేజీ యజమాని లక్ష్మీపతికి మాత్రం ఎక్కలేదు. ఆయన టమాటా మండీ నుంచి చదువుల్లోకి వచ్చిన మనిషి. ఈ ఏడు కుమారిని పిలిచి చెప్పేశాడు.

"ఈ గ్రూపు తీసేస్తానమ్మా. టైపు కొట్టేది, బిల్లు తీసేది నేర్పిస్తే పిల్లోళ్ళు రేపే పన్లోకి పోతారు. నడమ ఈ సైన్సు యాల?"

"సార్, అది లేకపోతే ఆ బిల్లు తీసే మిషనే ఉండదు."

"మిషను బజార్లో దొరుకుతాది గదమ్మా!"

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. కుప్పంలో మునిచంద్ర అనే రిటైర్డ్ ప్రొఫెసర్ ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఈ సబ్జెక్టే చెప్పాడు. ఆయన వచ్చి ఒక క్లాసు చూస్తాడు. ఉండనీ అంటే గ్రూపు ఉంటుంది, తీసెయ్ అంటే పోతుంది.

ఆయన వచ్చిన రోజే కాలేజీ వెనక ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. ల్యాబులో ఇరవై కంప్యూటర్లూ నల్లమొహాలు వేసుకుని కూర్చున్నాయి. లక్ష్మీపతి ముఖం మాత్రం వెలిగింది.

"సూస్తిరా సార్! కరెంటు పోతే ఈ చదువూ పాయె."

"పోలేదు సార్" అంది కుమారి. "పాఠం బయట చెప్తాను."

పక్కింటి నుంచి ముగ్గుపిండి తెప్పించి మైదానంలో వరుసగా ఆరు గళ్ళు గీసింది. ఆరుగురు పిల్లల్ని గడికొకరిగా నిలబెట్టింది. పక్కపక్కనున్న ఇద్దరు ఎవరు పెద్దో మాట్లాడుకోవాలి. పెద్దవాడు వెనకుంటే ఇద్దరూ గళ్ళు మార్చుకోవాలి. ఎవరూ మారాల్సిన పని లేదన్నప్పుడు ఆపాలి. అప్పటికి అందరూ వయసు ప్రకారం నిలబడి ఉంటారు.

పిల్లలు నవ్వుకుంటూ, తోసుకుంటూ మారారు. ఆగారు. ముందు హనుమంతు, తర్వాత భానుప్రకాశ్, వాడి వెనక మురళీధర్, ఆ తర్వాత మిగిలిన చిన్నవాళ్ళు ముగ్గురు.

"బాగుందమ్మా" అన్నాడు మునిచంద్ర. "కలిపేసి మళ్ళా ఒకతూరి చేయించు."

చేయించింది. ఈసారి ముందు భానుప్రకాశ్, తర్వాత మురళీధర్, ఆ వెనక హనుమంతు. మూడోసారి మురళీధర్ ముందుకొచ్చాడు, భానుప్రకాశ్ మూడో గడికి పోయాడు.

లక్ష్మీపతి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అదే పిల్లోళ్ళు, అదే మేడమ్, మూడు జవాబులు! మా మండీలో టమాటాలే మేలు, ఎన్నితూర్లు ఏరినా పెద్దకాయ పెద్దకాయే."

కుమారికి చెవులు వేడెక్కాయి. పన్నెండేళ్ళుగా చెబుతున్న పద్ధతి. అందులో తప్పు లేదని ఆమెకు తెలుసు. మరి తప్పెక్కడ? మొదటి గడి దగ్గరికి వెళ్ళి, బస్సులో నోటుబుక్కు మీద చేసినట్టే, వేలు పెట్టి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది.

"భానూ, హనుమంతు నీకంటే చిన్నోడు గదా. పక్కపక్కన పడినప్పుడల్లా వాణ్ణి ముందుకెందుకు పంపినావు?"

"మామ మేడమ్!"

"ఏందీ?"

"మా అమ్మకు చిన్నాయన కొడుకు. నాకంటే ఒక సంవత్సరం చిన్న. అయితే ఏం, మామ మామే గదా! మామను ఎనక నిలబెట్టినానని తెలిస్తే మా అమ్మ కూడు పెట్టదు."

"రెండోతూరి నువ్వు ముందుండావే మరి?" అని అడిగింది పక్కన చూస్తున్న క్లాసు పిల్ల అమరావతి.

"నడమ మురళిగాడు అడ్డం ఉండాడు. నేను మామను సూడల్యా."

"ఎండకు సస్తాండా, మీ మర్యాదలు తగలెయ్య" అన్నాడు మురళీధర్. హనుమంతు మామగారి ఠీవితో మీసం లేనిచోట మీసం దువ్వాడు.

కుమారి ఉన్నట్టుండి గట్టిగా నవ్వింది. వంగి ముగ్గుపిండితో మూడు సున్నాలు పెట్టి, ఒకదాన్నుంచి ఒకదానికి బాణాలు గీసింది.

మునిచంద్ర దగ్గరికొచ్చాడు. "తప్పు పద్ధతిదా, పిల్లోళ్ళదా?"

"పద్ధతిది కాదు సార్. పోల్చే నియమానిది. హనుమంతు మామ కాబట్టి భానుకు పెద్ద. భాను వయసులో మురళికి పెద్ద. మురళి వయసులో హనుమంతుకు పెద్ద. గుండ్రంగా తిరుగుతాంది. దీనికి సరైన జవాబే లేదు. యాడ మొదలుపెడితే దాన్నిబట్టి ఒక్కోటి వస్తాది."

"మంచి మిషనుకిస్తే?" అన్నాడు లక్ష్మీపతి.

"అదీ ఇంతే సార్. ఇంకా బిరీన, కన్నుమూసి తెరిచేలోగా చెప్తాది."

మునిచంద్ర లక్ష్మీపతి వైపు తిరిగాడు. "ఇనప్పా. మిషను ఆ జవాబునే ధైర్యంగా చెప్తాది. బిల్లు తీసేవాడు దాన్నే కాగితం మీద తీసి నీ చేతికిస్తాడు, నువ్వు సంతకం పెడతావు. ఈయమ్మ ఆగి, ఎందుకిట్లా వస్తాండాదని అడిగింది. ఆ అడిగేదే ఈ చదువు. గ్రూపు ఉండనీ."

లక్ష్మీపతి బాణాల చుట్టూ ఒకసారి నడిచి చూశాడు. రెండోసారి ఎదురు దిక్కులో నడిచాడు. "మా పెద్ద బావమరిదికీ నాకూ ఎవరు పెద్దని ఇదే పంచాయితీ సార్" అని గొణిగి, "ఉండనీలే అమ్మా, నేనేం వద్దంటినా?" అన్నాడు.

కుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుని, చేతి పిండి మొహానికి అంటించుకుంది. "ఈసారి మామలూ లేరు, అల్లుళ్ళూ లేరు. టెన్త్ సర్టిఫికెట్లో ఉండే పుట్టినదినం చెప్పండి, చాలు."

"జూన్ ఒకటి" అన్నాడు హనుమంతు. "జూన్ ఒకటి" అన్నాడు భానుప్రకాశ్. మురళీధర్‌దీ అదే. సంవత్సరం కూడా ఒకటే.

"బడిలో చేర్చేటప్పుడు మా అయివారు ముగ్గుర్నీ ఒకే దినం పుట్టించినాడు మేడమ్" అన్నాడు మురళీధర్.

"అయితే సమానమైనోళ్ళలో ఎవర్ని ముందు నిలబెడతావమ్మా?" అన్నాడు మునిచంద్ర.

"అది రేపటి పాఠం సార్."

"సార్, కుప్పం బస్సుకు టైమైంది" అని లక్ష్మీపతి గుర్తుచేశాడు.

"పోనీప్పా" అని మునిచంద్ర మైదానం గట్టు మీద కూర్చున్నాడు. కుమారి గళ్ళు చెరిపి మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.