కట్టకు బయట మా చేను

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఊరివాళ్ళు పెన్నకు కట్ట పోసుకున్నారు. జమ్మలమడుగుకు దిగువన ఏరు మా వైపుకు ఒరిగి మలుపు తిరుగుతుంది. ఆ ఒరిగిన చోటే నా చేను. ఏటి అంచున పోస్తే కట్ట నిలవదని నా చేనుకు ఇవతలగా పోశారు. ఊరంతా కట్టకు లోపల, నా చేనొక్కటే బయట.

ఇదేం న్యాయమని అడిగితే ఊరి పెద్ద అందరి ముందరా నవ్వాడు. "నీ చేనే కదా మామా కట్టకు బలం! ఏరు ముందు నిన్ను పలకరించి, ఆనక మా కాడికి వస్తాది."

అరుగు మీద ఉన్నవాళ్ళూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఈనాటికీ చెప్పగలను.

మలుపులో నీళ్ళు బయటి గట్టును కోసి, ఆ మన్నును అవతల లోపలి గట్టున పోస్తాయి. ఏటి పక్కన పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. నీటి వేగం విరిగేలా నా గట్టు దగ్గర రాళ్ళూ తుమ్మకంపా వేసి అడ్డు కడదామన్నాను. కట్ట పనికి ఇంటికొక మనిషి పోయాడు, నేనూ పోయాను. నా అడ్డుకు ఒక్కరూ రాలేదు. ఆ ఎండాకాలమంతా ఒక్కణ్ణే రాళ్ళు మోశాను. కట్ట మీద పోయేవాళ్ళు "ఏంది మామా, పెన్నకు గోడ కడతాండావా?" అని అడిగి, జవాబు వినకుండానే సాగిపోయేవాళ్ళు.

ఆ వానకాలం పెద్దనీళ్ళు వచ్చాయి. నా రాళ్ళు ఒక పూట ఆపాయి. తరువాత ఏరు గట్టును అడుగున తొలిచేసరికి, ఎదిగిన జొన్నతో సహా చేను పెళ్ళలు పెళ్ళలుగా ఏటిలోకి ఒరిగిపోయింది. కట్ట నిలిచింది, ఊరు నిలిచింది. వరద తీసి నీళ్ళు తగ్గాక కట్ట మీద టెంకాయలు కొట్టి బెల్లం పంచారు. మా ఇంటికీ ఆకులో చుట్టి పంపారు. నీ చేను పోయిందే అన్న మాట మాత్రం ఎవరూ అనలేదు. ఆ బెల్లం చీమలకు పెట్టాను.

ఎండాకాలం పెన్న ఇసుకగా మారాక అవతలికి నడిచాను. అక్కడ కొత్త ఒండ్రు మేట వేసి ఉంది. వరద తీశాక అలాంటి మేట మీద ముందుగా ఎవరు కంప నాటితే ఆ ఎండాకాలం అది వాళ్ళదే. ఒక సాయిబు అందులో దోసతీగలకు నీళ్ళు పోస్తున్నాడు.

"ఏం వెతుకుతాండావు మామా?"

"నా చేను."

అతడు నవ్వలేదు. పిడికెడు మన్ను తీసి చూశాడు. "శానా నల్లగుండాది. నీదేనేమో. కానీ కంప నేను నాటినానే!"

ఒక దోసకాయ తెంపి ఇవ్వబోయాడు. నా మన్నులో కాసిన కాయను దానంగా తీసుకోనని చెప్పి వచ్చేశాను.

మరుసటేడు వరద పూర్తిగా తీయకముందే కంప భుజాన వేసుకుని, మోకాటి లోతు నీళ్ళలో దాటాను. మేట లేదు, గులకరాళ్ళు తేలి ఉన్నాయి. సాయిబు కూడా తన కంపతో అక్కడే నిలబడి ఉన్నాడు.

"పోయింది మామా నీ చేను," అన్నాడు. "ఈసారి ప్రొద్దుటూరోళ్ళకు దక్కినట్టుండాది."

ఇద్దరం కాసేపు దిగువకు చూశాం. మా ఊళ్ళో ఇన్ని గడపలుండగా ఆ మాట ఏరు దాటి వినవలసి వచ్చింది.

తిరిగి వస్తూ కంపను కట్ట మీద దారికడ్డంగా పడేశాను. మరునాటికి ఎవరో పక్కకు లాగేశారు. ఎందుకు వేశావని అడగడానికైనా ఎవరూ మా ఇంటికి రాలేదు.