టిఫిన్ అయిందా?

రోజూ పొద్దున్న ఆరున్నర నుంచి పదకొండు దాకా నేను జనాన్ని అడిగే ప్రశ్న ఒకటే: టిఫిన్ అయిందా? అది పలకరింపు కాదు, నా ఉద్యోగం. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వచ్చే దారిలో, ఒక సందు మొదట్లో ఉన్న ల్యాబ్‌లో నేను రక్తం తీస్తాను. సుగర్ పరీక్షకు వచ్చేవాళ్లు పరగడుపున ఒకసారి రక్తం ఇస్తారు. బయటికి వెళ్లి టిఫిన్ తిని, రెండు గంటలు ఆగి మళ్లీ వచ్చి ఇస్తారు. తిన్నాక సుగర్ ఎంత పెరుగుతోందో ఆ రెండో సూదికే తెలుస్తుంది. తినకుండా వచ్చి తిన్నామని చెబితే ఆ రిపోర్టు చిత్తుకాగితంతో సమానం. ఈ సంగతి నాకు తెలుసు, డాక్టర్లకు తెలుసు. ఎదుటి కుర్చీలో చెయ్యి చాపి కూర్చున్న మనిషికి తెలుసో లేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

మా సందు చివర ఒక హోటల్ ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది కానీ, అది ఇది కాదు. అప్పట్లో స్టీలు ప్లేటు, స్టీలు బల్ల, గోడకు ధరల బోర్డు. సాంబారు బకెట్టు పట్టుకుని తిరిగే ఆయన పొయ్యనా వద్దా అని అడిగేవాడు కాదు, ఇడ్లీ మునిగేదాకా పోసి వెళ్లిపోయేవాడు. తొమ్మిదింటికి పరగడుపు రద్దీ తగ్గగానే నేనూ, అన్నా అక్కడికి వెళ్లేవాళ్లం.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. బోరబండ నుంచి వచ్చే ఆటో డ్రైవర్, నాకంటే పదేళ్లు పెద్ద. ఎర్రగడ్డలో నేను అద్దెకుండే ఇంటి దగ్గర పొద్దున్నే ఎక్కించుకుని ల్యాబ్ ముందు దింపి, అక్కడే ఆటో పెట్టుకుని బేరాలు చూసుకునేవాడు. నాది గోదావరి వైపు. నేను రెండోసారి చట్నీ అడిగితే చాలు, "మీ గోదారోళ్లకు ఇడ్లీల చట్నీ కాదు తమ్మి, చట్నీల ఇడ్లీ గావాలె" అని బల్ల చరిచి నవ్వేవాడు. నేను తెల్లకోటు వేసుకుని ఎదురుపడితే మాత్రం సార్ అనేవాడు. "కోటు ఏస్కుంటే సారువి, ఇడిస్తే తమ్మివి" అనేవాడు. ఎవరి డబ్బులు ఎవరిచ్చారో ఆ రోజుల్లో మాకు గుర్తుండేది కాదు. ముందు చెయ్యి కడుక్కున్నవాడు ఇచ్చేవాడు.

తరవాత బోర్డు మీద కాగితం ముక్కలు అంటించడం మొదలుపెట్టారు. పాత ధర మీద కొత్త ధర, దాని మీద ఇంకొకటి. ఇడ్లీ దగ్గరా దోసె దగ్గరా బోర్డు దద్దురులా ఉబ్బిపోయింది. కాగితం మారినప్పుడల్లా అన్న దాని వంక చూసి, "మల్ల అంటిచ్చిండు" అనేవాడు. ఒకరోజు హోటల్ మూశారు. రెండు నెలలకు తెరిస్తే బోర్డూ లేదు, బకెట్టూ లేదు. అద్దాల తలుపు, ఇత్తడి పళ్లెం, అందులో అరిటాకు ముక్క, ఆ ముక్క మీద రెండంటే రెండు ఇడ్లీలు, పైన నెయ్యి, కారప్పొడి. సాంబారేమో దగ్గుమందు మూతంత గిన్నెలో. కౌంటర్ దగ్గర అందంగా రాసిపెట్టారు: అదనపు చట్నీకి అదనపు చార్జీ. నాకు ఒళ్లు మండిపోయింది. సందు బయట నాలుగు ఇడ్లీలు పెట్టే బండ్లుండేవి, ట్రాఫిక్‌కి అడ్డమని వాటిని ముందే లేపేశారు. ఇక తింటే ఇక్కడ తినాలి, లేదంటే ఇలాంటిదే పక్కన ఇంకోటి.

యజమానిని అడిగాను కూడా. గ్యాసన్నాడు, మినపప్పన్నాడు, అద్దె అన్నాడు, వంటవాళ్లు దొరకట్లేదన్నాడు. అబద్ధమని నేననను. అన్నీ పెరిగాయి. ఆ ముక్క నా జీతానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ధర ఎక్కువైందని మా ఇద్దరిలో ఎవరం పైకి అనలేదు. అదే విచిత్రం. ముందు నేను వడ మానేశాను, గ్యాస్ పడుతోందని చెప్పి. తరవాత అన్న, "ఇంట్లనే తినొస్తున్న తమ్మి, మీ వదిన చేస్తున్నది" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగా కూడా అనిపించింది, ఇకమీదట ఇద్దరి ప్లేట్లకు నేనివ్వాల్సిన రోజు రాదు కదా అని. మర్నాటి నుంచి ఉప్మా డబ్బా తెచ్చుకుని, ల్యాబ్ వెనక ఫ్రిజ్ పక్కన నిలబడి తినడం మొదలుపెట్టాను. ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోయించుకుని కలిసి తిన్నవాళ్లం, తొమ్మిదింటికి ఒకరికొకరు కనపడకుండా తిరగడం నేర్చుకున్నాం.

అప్పటికే సుగర్‌కి రోజూ అర బిళ్ల వేసుకునే అన్న చిక్కిపోతుంటే నేనే పట్టుబట్టి పరీక్షకు రమ్మన్నాను. పరగడుపున రక్తం తీసి, "టిఫిన్ చేసి రెండు గంటలయ్యాక రా అన్నా" అన్నాను. ఆ క్షణాన "పద, నేనూ వస్తా" అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. రెండు ఇత్తడి పళ్లేలు కళ్లముందు మెదిలాయి, ఆగిపోయాను. ఇంటికెళ్లి తింటాడులే అనుకున్నాను. అన్న తలూపి వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. కాసేపటికి బేరం దొరికినట్టుంది, వెళ్లిపోయాడు. తొమ్మిదిన్నరకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"టిఫిన్ అయిందా అన్నా?"

"అయ్యింది సార్, అయ్యింది."

అయిందని రాసుకున్నాను. సూది గుచ్చాను. రెండు అంకెలూ ఇంచుమించు ఒక్కటే వచ్చాయి. పరగడుపునా అంతే, తిన్నాకా అంతే. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ని, అది చూసి నాకు అనుమానం రావద్దా? సంతోషించాను! "నీకేంటి అన్నా, ఇంటి తిండి, రాయిలా ఉన్నావు" అని భుజం తట్టాను. డాక్టరు రిపోర్టు చూసి కంట్రోల్‌లోనే ఉంది, అదే అర బిళ్ల చాలన్నాడు. మూణ్నెల్లకోసారి చొప్పున మరో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ నేనదే అడిగాను, అన్న అదే చెప్పాడు, నేనదే రాశాను.

మూడో రిపోర్టు వచ్చిన కొన్నాళ్లకు అన్న కుడికాలి వేలికి చెప్పు ఒరుసుకుని పొక్కు లేచింది. బ్రేకు తొక్కే కాలు. మందులషాపులో ఏదో ఆయింట్‌మెంట్ కొని రాసుకున్నాడు. నెలైనా మానలేదు. నేను చూసి కంగారుపడితే, "సుగర్ పెరుగలేదని నువ్వే చెప్తివి గద, ఫికర్ జేయకు" అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఊరుకున్నానంటే, నా కాగితాన్ని నేనే నమ్మాను. వేలు నల్లబడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. రెండు వేళ్లు తీసేశారు.

నేను వెళ్లేసరికి మంచం పక్కన వదిన ఉంది. ఆసుపత్రిలో భోజనం తరవాత చేసిన సుగర్ పరీక్ష కాగితం నా చేతికిచ్చింది. ఆ అంకెను రెండుసార్లు చదివాను. మా ల్యాబ్‌లో వచ్చినదానికి రెండింతల పైనే ఉంది.

"ఇదేంటి వదినా, ఇంట్లో టిఫిన్ తిని వచ్చినప్పుడు కూడా ఇంత లేదే" అన్నాను.

వదిన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "ఇంట్ల టిఫిన్ ఏడిది తమ్మి? నేను ఐదు గొట్టంగనే ఇండ్లల్ల పనికి పోత. పన్నెండు దాటినంక పగటీలి అన్నమే మాకు."

అన్న వంక తిరిగాను. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. "మరి అయిందని ఎందుకు చెప్పావు? ఒకసారి కాదు, మూడుసార్లు! నువ్వు తినలేదంటే నేను సూదే గుచ్చేవాణ్ని కాదు కదా!"

అన్న మెల్లగా నవ్వాడు. "టిఫిన్ అయ్యిందా అంటే కాలేదు అని ఎవలన్న అంటరా తమ్మి? కాలేదంటే పెట్టుమని అడిగినట్టే గద. నువ్వు మర్యాదకు అడిగినవ్, నేను మర్యాదకు చెప్పిన."

"మర్యాదకు అడగలేదు అన్నా. పరీక్షకు అడిగాను."

"గది నాకేమెరుక? రోజు అడిగినట్టే అడిగితివి."

నిజమే. రోజూ అడిగినట్టే అడిగాను. ఆ ప్రశ్నకు 'అయింది' అనే జవాబు చెప్పాలని మా ఇంట్లోనూ నేర్పారు, వాళ్లింట్లోనూ నేర్పారు. అదివరకు ఆ అబద్ధంతో ఎవరికీ నష్టం లేదు. ఎందుకంటే అది విన్నవాడు "అయితే ఏంటి, ఇంకో రెండు తినేవు గానీ పద" అని రెక్క పట్టుకుని లాక్కెళ్లేవాడు. ఇప్పుడు ఆ లాక్కెళ్లేవాడు మాయమయ్యాడు. ఇత్తడి పళ్లెం చూసి మాయమయ్యాడు. వాడు నేనే.

ఆ తరవాత ల్యాబ్‌లో ప్రశ్న మార్చాను. "ఏం తిన్నారు, ఎన్ని తిన్నారు, ఎక్కడ తిన్నారు?" అని అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు. "మీకెందుకండీ అదంతా?" అని ఒకావిడ గయ్యిమంది. ఒక మేస్త్రీ నేల చూస్తూ, "చాయ్ తాగిన సార్" అన్నాడు. ఆయనకు సూది గుచ్చలేదు. తిని రమ్మన్నాను. ఎక్కడ తినమంటావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు మళ్లీ రాలేదు.

అన్న ఆటో ఇప్పుడు వేరేవాళ్లకు అద్దెకిచ్చాడు. మొన్న కర్ర పట్టుకుని పరీక్షకు వచ్చాడు. పరగడుపు రక్తం తీశాక కోటు విప్పి కొక్కేనికి తగిలించి, "పద" అన్నాను. అన్న కర్ర అందుకుని లేచాడు. సందు చివరిదాకా మెల్లగా నడిచాం. పొద్దున్న ఇంట్లో ఉప్మా కాలేదు, డబ్బా లేకుండానే వచ్చాను. కౌంటర్ దగ్గర నిలబడి ధరల పట్టీ చూసి, ఒక్క ప్లేటుకే టోకెన్ తీసుకున్నాను.

అన్న ముందు పళ్లెం పెట్టాను. ఒక ఇడ్లీ తుంచి, కారప్పొడిలో అద్దుకుని, నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"నీది అయ్యిందా తమ్మి?"

"అయింది అన్నా."

అన్న తలెత్తి నా మొహం వంక చూశాడు.

"మర్యాదకు చెప్తున్నవా?"

నేను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను.