కల్బాలో మా పక్కింటి మస్తాన్‌బీ

పక్క ఫ్లాటులో ఎవరో మెత్తళ్ళు వేయిస్తున్నారు. ఎండుచేపల వాసన కిటికీలోంచి రాగానే లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళయినా అంతే. ఆ వాసన తగిలితే నేను ఒంగోలులో ఉండను, కల్బాలో ఉంటాను. ఆయన ఇంకా ఇంటికి రాలేదేమిటని వీధి తలుపు వైపు చూస్తాను.

ఎనభైల మొదట్లో మేము దుబాయ్‌లోని డేరా నుంచి కొండల అవతల తూర్పు తీరంలో ఉన్న కల్బాకు మారాము. ఆయన పనిచేసే కరెంటు సామాన్ల కొట్టు యజమాని ఆ చిన్న ఊళ్ళో ఇంకో కొట్టు తెరిచి ఆయనను పంపాడు. డేరాలో మరో కుటుంబంతో ఒకే గది పంచుకుని, మధ్యలో చీర అడ్డం కట్టుకుని బతికినవాళ్ళం. కల్బాలో రెండు గదులు, చుట్టూ ప్రహరీ, నాలుగడుగులు వేస్తే సముద్రం. తీరం పొడవునా ఇసుకలో చేపలు ఎండబోసేవారు. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. నాకు మాత్రం ఆ నిశ్శబ్దమే భయం. మా పాప సుధకు మూడేళ్ళు. చల్లగాలి తగిలితే రొప్పు వచ్చేది. ఊపిరాడకపోతే ఇక్కడ ఎవరి తలుపు కొట్టాలి? "చలికాలం పోయేదాకా చూద్దాం. నీకు కుదరకపోతే వెనక్కి వెళ్ళిపోదాం" అన్నారాయన. నేను పెట్టెలు సగమే విప్పాను.

మర్నాడే పక్కింటి మస్తాన్‌బీ వచ్చింది. నెల్లూరు వైపు మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. భర్త కాసిం డ్రైవరు. వచ్చీ రాగానే పెట్టెల వంక చూసి, "ఏందమ్మాయ్, ఇది వచ్చినోళ్ళ సర్దుడా, పోయేవాళ్ళ సర్దుడా?" అంది. నా భయాలన్నీ చెప్పుకున్నాను. అందరిలా "ఏమీ కాదులే" అంటుందనుకున్నాను. ఆమె సుధను చంకనేసుకుని, "చెప్పులేసుకో" అంది. ఆ పూటంతా నన్ను ఊరంతా తిప్పింది. డాక్టరు కూర్చునే చోటు చూపించింది. ఫోనున్న మలయాళీ కిరాణా కొట్టు చూపించింది. చివరికి ఒక అరబ్బు ముసలమ్మ ఇంటి ముందు ఆగింది. "ఈమె కొడుక్కి కారుండాది. తలుపు కొట్టి బిడ్డను చూపించు చాలు, మాటలు అక్కర్లా" అంది. తిరిగి వస్తూ, "భయపడొద్దని నేను చెప్పను. భయమేస్తే యాడికి పోవాల్నో చూపించినా, అంతే" అంది.

ఆ చలికాలంలోనే వాన పడింది. అక్కడి వాన మన వాన కాదు. బోడికొండల మీద పడ్డ నీళ్ళన్నీ ఒక్కసారిగా వాగుల్లోకి దిగుతాయి. ఆ కొండవాగులను వాదీలంటారు. ఆయన సరుకు తేవడానికి పొద్దున్నే కొట్టు పికప్పులో డేరా వెళ్ళారు, మధ్యాహ్నానికి వచ్చేస్తానని. వాదీ పొంగి రోడ్డు తెగిందని కొట్లో చెప్పారు. డేరాకు ఫోను కలవలేదు. ఏం చెయ్యాలో తోచక వాకిట్లో నిలబడ్డాను. మస్తాన్‌బీ వచ్చి, సుధను ముసలమ్మ దగ్గర వదిలి, "పద, రోడ్డు కాడ నిలబడదాం" అంది.

ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర వెనక్కి తిరిగి వస్తున్న ప్రతి బండినీ ఆపి ఆమే అడిగింది. ఒక పఠాన్ లారీ డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. "రాస్తా ఖలాస్, బెహన్. ఏక్ పికప్ పానీ మే గయా."

రోడ్డు తెగిపోయిందట, ఒక పికప్పు నీళ్ళలో కొట్టుకుపోయిందట. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఏ రంగు బండి అని అడిగింది. తెల్లదన్నాడు.

"నీది కాదులే. మీ ఆయనది ఎర్రది కదా" అంది నాతో.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె ముఖం వైపు చూడాలని నాకు తట్టలేదు. ఆమె మాత్రం నా చెయ్యి వదలకుండా తర్వాతి బండిని ఆపింది.

పొద్దు వాలుతుండగా నీళ్ళు తగ్గాయి. బురద కొట్టుకుని ఎర్ర పికప్పు వచ్చింది. ఆయన దిగీ దిగకముందే మస్తాన్‌బీ అడిగింది, "మావాడు కనబడినాడా అయ్యా?"

కాసిం ఆ ఉదయం ఐసు వేసిన చేపలతో డేరా మార్కెట్టుకు వెళ్ళాడని, అతనిది కూడా తెల్ల పికప్పేనని నాకు అప్పుడు తెలిసింది.

"వెనకాలే వస్తున్నాడక్కా, టైరు మార్చుకుంటున్నాడు. నీళ్ళలో పోయింది వేరే బండి. అందులో వాళ్ళను కూడా తాడేసి లాగారు" అన్నారాయన.

ఆమె తడినేల మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత ఒకరోజు అడిగాను, "నాకెందుకు చెప్పలేదక్కా?" అని.

"చెప్తే నువ్వు నన్ను పట్టుకోవాల్సొచ్చేది. అప్పుడు నీకాడ అంత బలం యాడుంది?" అంది, చేపలు కడుగుతూ.

మేము ఆ ఊరు వదల్లేదు. సుధ ఆ సముద్రంలోనే ఈత నేర్చింది, రొప్పు కూడా మెల్లగా తగ్గిపోయింది. కాసింకు పూచీగా ఉన్న అరబ్బు యజమాని, అదే కఫీల్, వీసా పొడిగించకపోవడంతో వాళ్ళే ముందు వెళ్ళిపోయారు. మేము ఇండియా వచ్చాక వెతికించాను గాని జాడ దొరకలేదు.

పోయినేడు ఆయనకు గుండె ఆపరేషను జరుగుతుంటే బయట బెంచీ మీద కూర్చున్నాను. ముక్కూమొహం తెలియని ఒకావిడ ఫ్లాస్కుతో వచ్చి, "టీ తాగండి, అంతా మంచే జరుగుతుంది" అంది. చాలా నిబ్బరంగా ఉంది. నేను గ్లాసు అందుకోకుండా ఆమె ముఖంలోకి చూశాను.

"లోపల మీవాళ్ళెవరమ్మా?" అని అడిగాను.

"మా అబ్బాయండీ" అంది. ఫ్లాస్కు కింద పెట్టి నా పక్కన కూర్చుంది.